ఇంట గెలిచి, రచ్చ ఓడి

1945 మే 2న ఐర్లండ్ ప్రధాని ఈమన్ డి వలేరా విదేశాంగ కార్యదర్శి జోసెఫ్ వాల్ష్‌ను వెంటబెట్టుకుని డబ్లిన్‌లో జర్మన్ దౌత్య ప్రతినిధి ఎడ్వర్డ్ హెంపెల్ ఇంటికి వెళ్లాడు. హిట్లర్ పోయాడన్న వార్త ముందురోజు రాత్రే జర్మన్ రేడియోలో వచ్చింది. దేశాధినేత పోతే ఆ దేశ ప్రతినిధిని పరామర్శించడం దౌత్యంలో ఆనవాయితీ. మూడు వారాల కిందట రూజ్‌వెల్ట్ పోయినప్పుడు ఐరిష్ పార్లమెంటు సంతాపం తెలిపి వాయిదా పడింది కూడా. ఒకరికి చేసిన మర్యాద ఇంకొకరికి చేయకపోతే తటస్థత ఎక్కడిదని డి వలేరా లెక్క. ఆయన ఒకప్పుడు గణితం చెప్పిన మాస్టారు. లెక్క వరకు తప్పు పట్టలేం. కాకపోతే ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం బెల్సెన్ నాజీ నిర్బంధ శిబిరంలో అడుగుపెట్టింది. అక్కడ గుట్టలుగా పడి ఉన్న శవాల ఫొటోలు ప్రపంచమంతా పత్రికల్లో చూస్తున్న రోజులవి. ఆ రోజుల్లో ఒక ప్రధాని టోపీ చేతపట్టుకుని నాజీ ప్రతినిధి గడప తొక్కాడంటే లండన్‌లో, న్యూయార్క్‌లో ఆనవాయితీ గురించి ఆలోచించేంత ఓపిక ఎవరికుంటుంది? ఆ పరామర్శ మరక వదలడానికి ఐర్లండ్‌కు ఏళ్లు పట్టింది.

నాయకుడి విధానాల వల్ల దేశం పరువు పోయిందంటే మనం సాధారణంగా ఆ విధానమే తప్పని తేల్చేస్తాం. ఐర్లండ్ చరిత్ర ఈ తీర్పును అంత సులువుగా ఒప్పుకోదు. 1945లో ఆ దేశానికి అపకీర్తి తెచ్చిందీ తటస్థతే, 1961లో గౌరవం తెచ్చిందీ తటస్థతే. విధానం మారలేదు, దాన్ని నడిపిన పార్టీ మారలేదు, మనుషులు సైతం చాలావరకు వాళ్లే. మారింది ఆ మాట ఎవరి చెవుల కోసం అన్నది. ఇంటివాళ్లు మెచ్చాలని అన్న మాటను బయటివాళ్ల ముందు పెట్టినప్పుడల్లా ఐర్లండ్ నష్టపోయిందనీ, అదే నమ్మకాన్ని బయటివాళ్లకు పనికొచ్చేలా చెప్పినప్పుడు పెరిగిందనీ నా వాదన. తెలుగు పాఠకుడికి డి వలేరా మీద కాస్త పక్షపాతం ఉండటం సహజమే. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లి, 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచి పొమ్మన్న ఆజ్ఞ అందుకుని తిరిగొచ్చాడు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు దారి చూపింది డి వలేరా దగ్గరుండి రాయించుకున్న 1937 ఐరిష్ రాజ్యాంగమే. ఆ అభిమానం అలాగే ఉంచుకుని కూడా ఈ లెక్క చూడవచ్చు.

మొదలు 1932లో ఉంది. ఐరిష్ కౌలు రైతులు భూస్వాముల దగ్గర భూములు కొనుక్కోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం పూర్వం అప్పులిచ్చింది. ఆ వాయిదాలు ఏటా లండన్‌కు చేరేవి. అధికారంలోకి వస్తూనే డి వలేరా వాటిని ఆపేశాడు. మన భూమి మనం కొనుక్కోవడానికి వాళ్లకు కట్టడమేమిటన్న మాట పల్లెల్లో బాగా పండింది. బ్రిటన్ ఆ జూలైలోనే ఐరిష్ సరుకుల మీద 20 శాతం సుంకం వేసింది. ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా బ్రిటన్‌కే అమ్ముకునే దేశానికి అది గొంతు మీద కత్తి. పశువులు కొనే నాథుడు లేడు. చివరికి దూడల్ని కోసి తోలు తెస్తే ప్రభుత్వమే డబ్బిచ్చే రోజు వచ్చింది. పాడి మీద బతికే రైతు పుట్టిన దూడను తోలు కోసం కోసుకోవడమంటే ఏమిటో మన పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అయినా ఇక్కడ దేశం పరువు పోలేదన్నది గమనించాలి. అదే 1932 సెప్టెంబరులో డి వలేరా జెనీవాలో నానాజాతి సమితి మండలికి అధ్యక్షత వహించి, సమితి మీద జనానికి నమ్మకం సడలుతోందని మొహం మీదే చెప్పాడు. 1935లో ఇటలీ అబిసీనియా మీద పడితే, తనది కూడా కేథలిక్ దేశమే అయినా, ఆంక్షల వైపే నిలబడ్డాడు. 1938 ఏప్రిల్ ఒప్పందంలో కోటి పౌండ్లు ఒక్కసారిగా చెల్లించి పాత బాకీ గొడవ తెంచుకున్నాడు, బ్రిటన్ చేతిలో మిగిలిన మూడు రేవుల్ని వెనక్కి తీసుకున్నాడు. దూడల కష్టం రైతుది, పేరు దేశానికి మంచిదే. ఆ రేవులు చేతికి రాకపోతే యుద్ధంలో తటస్థంగా ఉండటం సాధ్యపడేదే కాదు.

యుద్ధకాలంలో ఐర్లండ్ ఎంత తటస్థంగా ఉందో చూస్తే నవ్వొస్తుంది. దారి తప్పి దిగిన జర్మన్ వైమానికుల్ని నిర్బంధంలో ఉంచేవారు. మిత్రరాజ్యాల వాళ్లను, ముఖ్యంగా యుద్ధం చివరి ఏళ్లలో, చడీచప్పుడు లేకుండా సరిహద్దు దాటించేవారు. 1941 ఏప్రిల్‌లో జర్మన్ బాంబులకు బెల్‌ఫాస్ట్ తగలబడుతుంటే డబ్లిన్ నుంచి ఫైరింజన్లు సరిహద్దు దాటి వెళ్లాయి. అన్నిటికంటే విచిత్రం మేయో తీరంలోని బ్లాక్‌సాడ్‌ది. అక్కడి పోస్టాఫీసులో ఒక యువతి గంటగంటకూ బారోమీటరు చూసి వాతావరణ వివరాలు పంపేది. 1944 జూన్ 3న ఆమె చూసిన అంకె గాలి ఒత్తిడి వేగంగా పడిపోతోందని చెప్పింది. బ్రిటన్ నుంచి ఎవరో ఫోను చేసి మళ్లీ సరిచూడమన్నారు. ఆమె మళ్లీ చూసి అదే చెప్పింది. నార్మండీ దండయాత్ర జూన్ 5 నుంచి 6కు వాయిదా పడటంలో ఆ అంకెలకూ వాటా ఉంది. అవి ఎందుకు పనికొచ్చాయో ఆమెకు తెలిసింది యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు. ఐర్లండ్ చేసిన మేలంతా ఇలాగే చీకట్లో జరిగింది. ఇంట్లో తటస్థత ఒక వ్రతంలా చలామణి అవుతున్నప్పుడు ఆ మేలును బయటపెడితే వ్రతభంగమే. అందుకని 1944 ఫిబ్రవరిలో అమెరికా ప్రతినిధి డేవిడ్ గ్రే జర్మన్, జపాన్ దౌత్యవేత్తల్ని పంపించేయమని లేఖ ఇచ్చినప్పుడు డి వలేరా కుదరదన్నాడు. ఆ లేఖ పత్రికలకెక్కేసరికి గూఢచారులకు గూడు ఇచ్చిన దేశమని అమెరికాలో పేరు పడింది. తమవైపు చెప్పుకోదగిన సాక్ష్యాలన్నీ సొంత తాళం కిందే ఉండిపోయాయి.

ఆ పైన మే 2 నాటి పరామర్శ. ఒంట్లో బాగోలేదని తప్పించుకోవచ్చు కదా అన్న ఆలోచన డి వలేరాకు రాకపోలేదు. అలాంటి సాకులు తనకు అసహ్యమని వాషింగ్టన్‌లోని తన ప్రతినిధికి ఆయనే రాశాడు. నిజాయితీ సరే, ఆ నిజాయితీ ఖర్చు భరించింది మాత్రం దేశం. మే 13న చర్చిల్ రేడియోలో డి వలేరా పేరు పెట్టి దెప్పిపొడిచాడు. మూడు రోజుల తర్వాత డి వలేరా ఇచ్చిన జవాబు తొణకని ప్రసంగాలకు మచ్చుతునక. ఒంటరిగా నిలిచానని బ్రిటన్ ఏడాదో రెండేళ్లో గర్వపడుతుంటే, వందల ఏళ్లు ఒంటరిగా నిలిచిన చిన్న దేశాన్ని తలుచుకోదా అన్నది దాని సారాంశం. డబ్లిన్ ఉప్పొంగిపోయింది, జనం వీధుల్లో జేజేలు కొట్టారు. బెల్సెన్ గురించి ఆ ప్రసంగంలో ఒక్క మాట లేదు. ఇంట గెలిచిన ప్రసంగం రచ్చలో ఎందుకు గెలవలేదో చెప్పడానికి ఆ ఒక్క మాట లేకపోవడం చాలు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. 1946లో ఐర్లండ్ ఐక్యరాజ్యసమితికి దరఖాస్తు పెట్టుకుంటే సోవియట్ యూనియన్ వీటో చేసింది. 1955 డిసెంబరు 14 దాకా ప్రవేశం దొరకలేదు. ఇది ప్రచ్ఛన్న యుద్ధపు లెక్కే తప్ప డి వలేరా తప్పు కాదని కొందరంటారు. సభ్యత్వం కోసం ఇటలీ, పోర్చుగల్ కూడా అదే రోజుదాకా కాచుకున్నాయి. ఈ మాటలో నిజముంది. వీటోను మొత్తంగా ఆ పరామర్శ ఖాతాలో రాయడం అన్యాయం. మాస్కోతో దౌత్య సంబంధాలు లేకపోవడం సోవియట్లు చూపిన కారణాల్లో ఒకటి, యుద్ధకాలపు నడవడి ఇంకొకటి. కాని జర్మనీకి ఇనుప ఖనిజం అమ్ముకున్న తటస్థ స్వీడన్ 1946లోనే సమితిలో చేరిపోయింది. స్వీడన్ ఐర్లండ్ కంటే పుణ్యాత్మురాలేమీ కాదు. కాదనదలచుకున్నవాడి చేతికి సాకు ఇచ్చింది మాత్రం ఐర్లండే.

డి వలేరా 1948లో ఓడిపోయాక వచ్చిన జాన్ కాస్టెల్లో ప్రభుత్వం ఈ అలవాటును ఇంకో మెట్టు ఎక్కించింది. ఆ సెప్టెంబరులో కెనడా వెళ్లిన కాస్టెల్లో, ఒట్టావాలో విలేకరుల ముందు, బ్రిటిష్ కిరీటంతో మిగిలిన ఆ ఒక్క చట్టబంధాన్నీ తెంచేస్తామని ప్రకటించాడు. అంతకుముందు గవర్నర్ జనరల్ విందులో భోజనాల బల్ల మీద, తన ఎదురుగా, 1689 డెర్రీ ముట్టడిలో ప్రొటెస్టెంట్లు పేల్చిన ఫిరంగికి వెండి నమూనా పెట్టారనీ, ఆ కోపంలోనే ఈ ప్రకటన వచ్చిందనీ చెప్పుకుంటారు. కోపం కథ నిజమైనా కాకపోయినా, ఫలితం నిజం. 1949 ఏప్రిల్ 18న ఐర్లండ్ గణతంత్రమై కామన్వెల్త్ నుంచి బయటపడింది. ఆ నెల చివర్లోనే లండన్‌లో నెహ్రూ ప్రభుత్వం గణతంత్రంగా ఉంటూనే కామన్వెల్త్‌లో కొనసాగే ఏర్పాటు సాధించుకుంది. కొన్ని రోజుల తేడాతో మనకు దొరికిన దారి వాళ్లకూ దొరికేదేమో, వాళ్లు అడగలేదు. పైగా బ్రిటన్ తన పాలనలోనే ఉన్న ఉత్తర ఐర్లండ్ స్థానాన్ని 1949 చట్టంతో మరింత బిగించింది. దేశ విభజన ఉండగా నాటోలో చేరబోమని విదేశాంగ మంత్రి షాన్ మెక్‌బ్రైడ్ పంపిన జవాబుకు వాషింగ్టన్ మారు మాటాడలేదు. బేరంలో తమ సరుకుకు గిరాకీ ఉందని ఆయన అనుకున్నాడు, కొనేవాడు పక్క దుకాణానికి వెళ్లిపోయాడు. తర్వాత యూరప్ మండలిలో సందర్భం ఉన్నా లేకపోయినా విభజన ప్రస్తావన తేవడం ఐరిష్ ప్రతినిధులకు నిత్యకృత్యమైంది. ఈలోగా 1950ల దశకంలో సుమారు నాలుగు లక్షల మంది దేశం వదిలి, ఎక్కువగా ఆ బ్రిటన్‌కే, పనికోసం వెళ్లిపోయారు.

దీనికి ఎదురు ఉదాహరణ కావాలంటే డి వలేరా మంత్రివర్గంలోని ఫ్రాంక్ ఏకెన్‌ను చూడాలి. 1941లో ఆయుధాలు అడగడానికి వాషింగ్టన్ వెళ్లినప్పుడు ఆయన పట్టుదలకు చిరాకెత్తిన రూజ్‌వెల్ట్ బల్లగుడ్డ లాగేసి చెంచాలూ పళ్లేలూ చిమ్మాడని కథ ఉంది. అదే మనిషి 1957 తర్వాత విదేశాంగ మంత్రిగా ఐక్యరాజ్యసమితిలో అణ్వాయుధాల వ్యాప్తిని అడ్డుకోవాలని 1958 నుంచి పట్టు పట్టాడు. 1961లో సాధారణ సభ ఏకగ్రీవంగా ఒప్పుకున్న తీర్మానానికి ఐరిష్ తీర్మానమనే పేరు నిలిచింది. 1968లో వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద మాస్కోలో మొదటి సంతకం ఏకెన్ చేతనే చేయించారు. అంటే పెద్ద దేశాల్ని మెప్పించడమే పరువా అని అడగవచ్చు. కాదు. కమ్యూనిస్టు చైనా సభ్యత్వంపై చర్చకు 1957లో ఆయన ఓటు వేస్తే అమెరికన్ కేథలిక్ పెద్దలు నిప్పులు చెరిగారు; అయినా ఐర్లండ్ పరపతి తగ్గలేదు. ఆ ఓటు వెనక ప్రపంచానికంతటికీ వర్తించే కారణం ఉంది, డబ్లిన్‌కు మాత్రమే అర్థమయ్యే అభిమానం కాదు. 1960లో కాంగోలో సమితి దళాల్లో పనిచేస్తూ నియెంబా దగ్గర తొమ్మిది మంది ఐరిష్ సైనికులు చనిపోయారు. తటస్థులమన్న మాటకు వాళ్లు చెల్లించిన మూల్యం అందరికీ కనిపించేదే.

1982లో ప్రధాని చార్ల్స్ హాహీ పాత దారికే మళ్లాడు. 1980లో బ్రిటిష్ ప్రధాని థాచర్‌కు వెండి టీపాట్ బహూకరించి సంబంధాలు చక్కబెట్టుకున్నది ఆయనే. మరుసటి ఏడాది ఉత్తర ఐర్లండ్ జైల్లో పదిమంది రిపబ్లికన్ ఖైదీలు నిరాహార దీక్షలో చనిపోయారు, దక్షిణాన కోపం రాజుకుంది. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధం వచ్చేనాటికి హాహీది మైనారిటీ ప్రభుత్వం. మే 2న బ్రిటిష్ జలాంతర్గామి అర్జెంటీనా నౌక బెల్‌గ్రానోను ముంచింది. మర్నాడు ఐరిష్ రక్షణ మంత్రి బ్రిటనే దురాక్రమణదారని ఒక సభలో అనేశాడు. ఆ పై రోజు ఐర్లండ్ అర్జెంటీనాపై యూరోపియన్ ఆంక్షల నుంచి తప్పుకుంటామంది, భద్రతా మండలిని సమావేశపరచమంది. అదే రోజు బ్రిటిష్ నౌక షెఫీల్డ్ క్షిపణి దెబ్బ తింది. ఇటలీ కూడా ఆంక్షలు వదిలింది, కాని అర్జెంటీనా నిండా ఇటాలియన్ సంతతి ఉందని అందరికీ తెలుసు గనుక ఎవరూ పెద్దగా తప్పు పట్టలేదు. ఐర్లండ్ నిర్ణయంలో మాత్రం పాత పగ కనిపించింది. మండలిలో రాయబారి నోయెల్ డోర్ ఓపిగ్గా నడిపిన దౌత్యం కొంత నష్టం పూడ్చింది, లండన్‌తో తెగిన నమ్మకం మాత్రం 1985లో తర్వాతి ప్రధాని గారెట్ ఫిట్జెరాల్డ్ థాచర్‌తో కుదుర్చుకున్న ఒప్పందందాకా అతుక్కోలేదు.

చివరి అంకం డబ్బుది. 2008 సెప్టెంబరు 29 రాత్రి బ్రయన్ కోవెన్ ప్రభుత్వం బ్యాంకుల అప్పులన్నిటికీ, దాదాపు 440 బిలియన్ యూరోలకు, దేశం పూచీ ఇచ్చింది. యూరప్‌లో పొరుగు దేశాలకు ముందస్తు కబురు లేదు. తెల్లారేసరికి పొరుగు బ్యాంకుల డిపాజిట్లు ఇటు జారుతున్నాయని లండన్ గగ్గోలు పెట్టింది. బ్యాంకుల్ని నిలబెట్టడానికి చివరికి 64 బిలియన్లు ఖర్చయ్యాయి. 2010 నవంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి, యూరప్ నుంచి సాయం అడగడం లేదని మంత్రులు టీవీల్లో బల్లగుద్ది చెబుతుండగా, 18వ తేదీ ఉదయం కేంద్ర బ్యాంకు గవర్నర్ పాట్రిక్ హోనహన్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఐరిష్ రేడియోకు ఫోను చేసి, వేల కోట్ల యూరోల అప్పు రాబోతోందని చెప్పేశాడు. ఇంటివాళ్ల కోసం చెప్పిన మాట అబద్ధమని ఈసారి ఇంటివాళ్లకే తెలిసిపోయింది. మూడు నెలల తర్వాత ఎన్నికల్లో, డి వలేరా 1926లో స్థాపించిన ఫియనా ఫాయిల్ పార్టీ 70కి పైగా ఉన్న స్థానాల నుంచి 20కి పడిపోయింది.