సర్కారు అమ్మిన సైనిక తుపాకులు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అని ఒక సైనిక శిబిరం ఉంది. ఎండాకాలం వస్తే అక్కడ జాతర. దేశం నలుమూలల నుంచి రైతులు, టీచర్లు, రిటైరైన సిపాయిలు, బడి పిల్లలు రైఫిళ్ళు పట్టుకొని గురి చూసే పోటీలకు వస్తారు. ఆ పోటీలను నడిపే సంస్థ పేరు సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం, క్లుప్తంగా సీఎంపీ. దాని ఖర్చులో పెద్ద భాగం సైన్యం వాడి పక్కన పెట్టిన తుపాకుల అమ్మకం నుంచే వస్తుంది. వికారాబాద్ జిల్లాలోని మన పరిగిలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. మన దగ్గర పాత తపంచా దొరికినా ముందు పోలీసు జీపు వస్తుంది కదా!

ఇదెలా మొదలైందంటే, భయంతో. 1861-65 అంతర్యుద్ధంలో తమ సిపాయిలకు గురి రాలేదని బాధపడ్డ ఉత్తరాది సైనికాధికారులు 1871లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పెట్టారు. ఇప్పుడు రాజకీయాల్లో ఎన్ఆర్ఏ అని వినిపించేది అదే. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చేసరికి వాలంటీర్ల తయారీ ఎంత పలచనో మళ్ళీ బయటపడింది. పెద్ద సైన్యాన్ని ఎప్పుడూ పోషించడం అప్పటి అమెరికాకు ఇష్టం లేదు. యుద్ధమొస్తే పొలంలోంచి వచ్చేవాడికి అప్పటికే గురి తెలిసి ఉండాలి, అంతే. అందుకే థియోడర్ రూజ్‌వెల్ట్ హయాంలో, 1903లో, రైఫిల్ సాధన కోసం ఒక జాతీయ బోర్డు ఏర్పడింది. 1905 చట్టంతో మిగులు రైఫిళ్ళను క్లబ్బులకు అమ్మడం మొదలైంది. 1916లో దీనికోసం సైన్యంలో ప్రత్యేక డైరెక్టరే వచ్చాడు.

అదే కాలంలో మన దేశంలో ఏం జరుగుతోంది? 1878 ఆయుధాల చట్టం కింద బ్రిటిష్ ఇండియాలో లైసెన్సు లేకుండా భారతీయుడు తుపాకి పట్టకూడదు. సైన్యం వాడే .303 తూటా జనం చేతిలో పడకూడదనే పౌరులకు .315 అనే వేరే కొలత అలవాటు చేశారు. ఆ .315 రైఫిల్‌ను మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ స్వతంత్రం తర్వాత కూడా తయారు చేసింది. పరిగి అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది కాబట్టి ఆ చట్టం నేరుగా మనది కాదు. కానీ తర్వాత వచ్చిన 1959 చట్టం అందరిదీ. సైనిక కొలతలు నేటికీ మామూలు పౌరుడికి నిషేధమే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020లో .303కి వీడ్కోలు చెప్పారు, అయినా ఆ తుపాకిని సామాన్యుడు కొనుక్కోలేడు. అమెరికా సర్కారుకు తుపాకి పేల్చడం రాని పౌరుడంటే దిగులు, మన సర్కారుకు పేల్చడం వచ్చిన పౌరుడంటే దిగులు. నా మటుకు నాకు రెండో దిగులులోనే నిద్ర బాగా పడుతుంది.

అమెరికా కథకు కథానాయకుడు ఎం1 గారండ్. కెనడాలో పుట్టిన జాన్ గారండ్ రూపొందించిన ఈ రైఫిల్‌ను 1936లో సైన్యం తీసుకుంది. ఎనిమిది తూటాలు, నాలుగు కిలోల పైన బరువు. యాభై లక్షలకు పైగా తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చాలావాటిని దక్షిణ కొరియా, గ్రీసు, డెన్మార్క్, ఫిలిప్పీన్స్ వంటి మిత్రదేశాలకు ఇచ్చారు. అందులో కొన్ని దశాబ్దాల తర్వాత తిరిగొచ్చి సీఎంపీ గోదాముల్లో చేరాయి. 1960లలో తేలికపాటి ఎం1 కార్బైన్లు ఇరవై డాలర్లకే దొరికేవి. అయితే ఓ మెలిక: కొనాలంటే ఎన్ఆర్ఏ సభ్యత్వం ఉండాలి. సర్కారు సరుకు, సంఘం చందా! 1979లో కోర్టు ఆ నిబంధనను కొట్టేసేదాకా అదే పద్ధతి.

పౌరులకిచ్చే ఈ గురి శిక్షణతో సైన్యానికి పెద్దగా ప్రయోజనం లేదన్న విమర్శ పెరిగి, ఇక మా డబ్బు పెట్టేది లేదని 1996లో కాంగ్రెస్ చెప్పేసింది. సీఎంపీని లాభాపేక్ష లేని సంస్థగా మార్చి, గోదాములోని తుపాకులను చేతిలో పెట్టి, వీటిని అమ్ముకొని బతకమంది. వేరుపడే కొడుక్కి పొలం రాసిచ్చినట్టు. అమ్మకాల డబ్బుతో బడి పిల్లల ఎయిర్ రైఫిల్ పోటీలు, శిక్షకుల తరగతులు నడుస్తాయి. అలబామాలో టల్లడేగా దగ్గర 2015లో ఐదువందల ఎకరాల షూటింగ్ పార్కు వెలిసింది.

కొనేవాడు అమెరికా పౌరుడై ఉండాలి, అనుబంధ క్లబ్బులో ఉండాలి, నేరచరిత్ర తనిఖీ దాటాలి. గ్రీన్ కార్డు చాలదు, కాబట్టి మనవాళ్ళు చాలామంది గడప దగ్గరే ఆగిపోతారు. అన్నీ కుదిరితే చాలా రాష్ట్రాల్లో రైఫిల్ ఇంటికే పార్సిల్లో వస్తుంది. ఇది మాత్రం నాకు మింగుడుపడదు. పిల్లల ఆటకు డబ్బు కావాలంటే ఇళ్ళలోకి ఇన్ని సైనిక తుపాకులు పంపాలా?

ఆటను సైనిక తుపాకి నుంచి విడదీయవచ్చని మన హైదరాబాదు చూపించింది. అక్కడి షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. ఆ గన్నుకు గాలి ఒత్తిడి చాలు, మందుగుండు అక్కర్లేదు. కావలసింది ఒక పొడవాటి గది, మంచి వెలుతురు, ఓపికున్న కోచ్. వికారాబాద్ కలెక్టరేట్‌కు పని మీద వెళ్ళే పెద్దలు ఎవరైనా ఉంటే, పరిగి, తాండూరు పిల్లల కోసం అలాంటి గది ఒకటి కట్టించమని ఒక దరఖాస్తు ఇచ్చి రండి.