దక్షిణాఫ్రికా క్రైస్తవ ఉన్నత విద్యలో మనస్తత్వశాస్త్ర ఆనర్స్

దక్షిణాఫ్రికాలో మనస్తత్వశాస్త్ర ఆనర్స్ అనేది మూడేళ్ళ బ్యాచిలర్ పట్టా పొందిన తరువాత చదివే ప్రత్యేక పట్టా. పూర్తికాలం చదివేవారికి ఇది సాధారణంగా ఒక సంవత్సరపు చదువు. లౌకిక విశ్వవిద్యాలయాలతో పాటు క్రైస్తవ విలువలు ప్రాతిపదికగా వెలసిన సంస్థలు కూడా ఈ శాస్త్రాన్ని బోధిస్తూ వచ్చాయి. వాటిలో ప్రసిద్ధమైనది పోచెఫ్‌స్ట్రూమ్ క్రైస్తవ ఉన్నత విద్యా విశ్వవిద్యాలయం. అది 2004లో వాయవ్య విశ్వవిద్యాలయంలో విలీనమైంది. ఇటువంటి సంస్థలలో విద్యార్థి ఒకవైపు ప్రయోగాలు, గణాంకాలు, పరీక్షల సహాయంతో మనిషి ప్రవర్తనను అధ్యయనం చేస్తాడు. మరొకవైపు మనిషి దేవుని స్వరూపంలో సృష్టించబడినవాడనే విశ్వాసానికి ఈ శాస్త్రంతో గల సంబంధాన్ని పరిశీలిస్తాడు. క్రైస్తవ విద్య అనే మాట దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షకు కూడా ఆసరాగా నిలిచినందువలన, విలువలంటే ఎవరి విలువలు అనే ప్రశ్న అక్కడ ఈ చదువును విడువక వెంటాడుతున్నది.

ఆనర్స్ స్థాయి

ఆనర్స్ అనే మాటకు అన్ని దేశాలలో ఒకే అర్థం లేదు. భారతదేశంలో సంప్రదాయికంగా మూడేళ్ళ డిగ్రీలోనే ఒక విషయాన్ని ప్రధానంగా, లోతుగా చదవడాన్ని ఆనర్స్ అంటారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం తరువాత నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీ కూడా ఇక్కడ ప్రవేశించింది. దక్షిణాఫ్రికాలో మాత్రం ఆనర్స్ బ్యాచిలర్ డిగ్రీలో భాగం కాదు, దాని తరువాత వచ్చే వేరొక పట్టా. ఆ దేశపు జాతీయ అర్హతల చట్రంలో మొత్తం 10 స్థాయిలు ఉన్నాయి. బ్యాచిలర్ డిగ్రీ 7వ స్థాయికి, ఆనర్స్ 8వ స్థాయికి, మాస్టర్స్ 9వ స్థాయికి, డాక్టరేటు 10వ స్థాయికి చెందుతాయి.

ఆనర్స్ పట్టాకు కనీసం 120 క్రెడిట్లు అవసరం. ఒక క్రెడిట్‌ను 10 గంటల అభ్యసనంగా లెక్కిస్తారు కనుక ఇది 1,200 గంటల శ్రమతో సమానం. ఇందులో కనీసం 30 క్రెడిట్లు, అనగా నాలుగవ వంతు, స్వతంత్ర పరిశోధనకు కేటాయించాలి. అప్పటివరకు ఇతరుల పరిశోధన ఫలితాలను చదివిన విద్యార్థి ఈ స్థాయిలో తానే ఒక సమస్యను ఎంచుకొని, నైతిక అనుమతి పొంది, సమాచారం సేకరించి, విశ్లేషించి నివేదిక సమర్పించవలసి ఉంటుంది.

వృత్తి దృష్ట్యా కూడా ఈ సంవత్సరం కీలకమైనది. ఆనర్స్ పట్టా ఒక్కటే మనస్తత్వవేత్తగా నమోదు కావడానికి చాలదు. అందుకు మాస్టర్స్ పట్టా, పర్యవేక్షణలో ఇంటర్న్‌షిప్ అవసరం. క్లినికల్ మనస్తత్వవేత్తలు వీటికి అదనంగా ఒక సంవత్సరం సామాజిక సేవ కూడా చేయాలి. వృత్తి శిక్షణనిచ్చే మాస్టర్స్ కోర్సులలో సీట్లు చాలా తక్కువ. కాబట్టి వృత్తిలోకి ఎవరు ప్రవేశించగలరన్నది తేల్చే తొలి వడపోత ఆనర్స్ స్థాయిలోనే జరుగుతుంది.

చరిత్ర

పోచెఫ్‌స్ట్రూమ్ విశ్వవిద్యాలయానికి మూలం 1869లో బర్గర్స్‌డార్ప్ పట్టణంలో సంస్కరణ సంఘం వారు స్థాపించిన వేదాంత పాఠశాల. ఇది 1905లో పోచెఫ్‌స్ట్రూమ్‌కు తరలింది. 1921లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాల అయింది. 1951లో స్వతంత్ర విశ్వవిద్యాలయ హోదా పొందింది. జాన్ కాల్విన్ బోధనల సంప్రదాయానికి చెందిన ఈ సంస్థపై డచ్ వేదాంతి అబ్రహాం కైపర్ ఆలోచనల ప్రభావం ఉంది. కైపర్ 1880లో ఆంస్టర్‌డాంలో ఫ్రీ విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు. ఏ విజ్ఞానమూ శూన్యం నుండి పుట్టదనీ, ప్రతి శాస్త్రం వెనుక లోకాన్ని గురించిన కొన్ని మౌలిక విశ్వాసాలు ఉంటాయనీ ఈ సంప్రదాయం భావిస్తుంది.

ఈ ఆలోచనను పోచెఫ్‌స్ట్రూమ్‌లో పెంపొందించినవారిలో తత్త్వవేత్త హెండ్రిక్ స్టోకర్ (1899–1993) ముఖ్యుడు. అతడు జర్మనీలోని కొలోన్‌లో మాక్స్ షేలర్ వద్ద పరిశోధన చేశాడు. అంతరాత్మ స్వరూపాన్ని, దానికి సంబంధించిన సిద్ధాంతాలను చర్చించే అతని జర్మన్ గ్రంథం 1925లో వెలువడింది. అంతరాత్మ అనే విషయం వేదాంతానికీ మనస్తత్వశాస్త్రానికీ ఉమ్మడి సరిహద్దు వంటిది.

క్రైస్తవ విద్యకు రెండవ పాయ మిషనరీ సంస్థల నుండి వచ్చింది. స్కాట్లండ్ మిషనరీల లవ్‌డేల్ విద్యాకేంద్రానికి సమీపంలో 1916లో ఆరంభమైన ఫోర్ట్ హేర్ కళాశాల నల్లజాతివారికి ఉన్నత విద్యను అందించింది. 1953 నాటి బంటు విద్యా చట్టం మిషన్ పాఠశాలలను ప్రభుత్వ అధీనంలోకి తెచ్చింది. 1959లో చేసిన చట్టాలు ఫోర్ట్ హేర్‌ను ప్రభుత్వపరం చేశాయి, ప్రత్యేక అనుమతి లేకుండా నల్లజాతి విద్యార్థులు శ్వేతజాతి విశ్వవిద్యాలయాలలో చేరే అవకాశాన్ని మూసివేశాయి. పోచెఫ్‌స్ట్రూమ్ ఆ కాలమంతా శ్వేతజాతివారి సంస్థగానే కొనసాగింది.

వర్ణవివక్ష కాలం

1948లో ఆఫ్రికానర్ సాంస్కృతిక సంస్థలు క్రైస్తవ జాతీయ విద్య అనే విధాన పత్రాన్ని ప్రకటించాయి. 1967 నాటి జాతీయ విద్యావిధాన చట్టం శ్వేతజాతి ప్రభుత్వ పాఠశాలల విద్యకు క్రైస్తవ స్వభావం, జాతీయ స్వభావం ఉండాలని నిర్దేశించింది. ఈ రెండు విశేషణాలు జంటగా రావడంతో విశ్వాసం జాతి విభజనకు తోడైంది.

మనస్తత్వశాస్త్రం కూడా ఈ విభజనకు దూరంగా లేదు. బంటు విద్యా చట్టం వచ్చినప్పుడు నల్లజాతి వ్యవహారాల మంత్రిగానూ, 1958 నుండి 1966 వరకు ప్రధానమంత్రిగానూ ఉన్న హెండ్రిక్ ఫెర్వూర్ట్ అంతకు పూర్వం స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. 1939లో ఎం. ఎల్. ఫిక్ బుద్ధి పరీక్షల ఆధారంగా ఆఫ్రికన్ల విద్యాసామర్థ్యం తక్కువని వాదించాడు. పిల్లల పోషణ, బడి, ఇంటి పరిస్థితులు, పరీక్షల స్వభావం గణించకుండా అటువంటి పోలిక చెల్లదని 1943లో సైమన్ బీషేవెల్ తన గ్రంథంలో చూపాడు. 1948లో ఏర్పడిన దక్షిణాఫ్రికా మనస్తత్వశాస్త్ర సంఘంలో శ్వేతేతరులకు సభ్యత్వమివ్వాలా అనే వివాదం 1950లలో జోసెఫిన్ నాయుడు దరఖాస్తుతో తలెత్తింది. శ్వేతేతరులను చేర్చుకోవడానికి సంఘం అంగీకరించగా, అందుకు ఇష్టపడనివారు 1960ల తొలినాళ్ళలో విడిపోయి శ్వేతజాతివారికే పరిమితమైన వేరొక సంస్థను స్థాపించారు. అన్ని జాతుల మనస్తత్వవేత్తలకు ఉమ్మడి వేదికగా నేటి దక్షిణాఫ్రికా మనస్తత్వశాస్త్ర సమాజం 1994లో ఏర్పడింది.

ఆ దశలో నల్లజాతి విద్యార్థికి ఆనర్స్ తరువాతి దారి ఎంత ఇరుకైనదో చబానీ మంగాన్యి జీవితం తెలుపుతుంది. దేశంలో తొలి నల్లజాతి క్లినికల్ మనస్తత్వవేత్తగా పేరొందిన అతడు సొవెటోలోని బరగ్వనాథ్ ఆసుపత్రిలో శిక్షణ పొందాడు. వివక్షకు గురైనవారి మనోజీవితంపై అతడు రాసిన వ్యాసాల సంపుటి 1973లో వెలువడింది.

అదే విశ్వాస సంప్రదాయం నుండి అసమ్మతి కూడా వినవచ్చింది. 1977లో పోచెఫ్‌స్ట్రూమ్ విద్యావేత్తలు కొందరు ఇతర సంస్కరణ క్రైస్తవులతో కలిసి కొయినోనియా ప్రకటన ద్వారా జాతి విభజన విధానాలను విమర్శించారు. 1997లో ఆ విశ్వవిద్యాలయానికి చెందిన నలుగురు విద్యావేత్తలు సత్య, సమన్వయ సంఘానికి పశ్చాత్తాప పత్రం సమర్పించారు.

పాఠ్యాంశాలు

ఆనర్స్ పాఠ్యాంశాలు సంస్థను బట్టి కొంత మారినా, ముఖ్యభాగాలు ఈ విధంగా ఉంటాయి.

* పరిశోధన పద్ధతులు: సంఖ్యాత్మక, గుణాత్మక పద్ధతులు, గణాంక విశ్లేషణ, పరిశోధన నివేదిక.
* మనోమాపనం: పరీక్షల నిర్మాణం, విశ్వసనీయత, సప్రమాణత, నిష్పాక్షికత.
* మనోవ్యాధి విజ్ఞానం: వ్యాకులత, ఆందోళన, మనోవైకల్యాల లక్షణాలు, వర్గీకరణ.
* మూర్తిమత్వ, వికాస సిద్ధాంతాలు.
* సామాజిక సముదాయాల మనస్తత్వశాస్త్రం: పేదరికం, హింస, వలస ప్రజల మనోస్థితిపై చూపే ప్రభావం.
* వృత్తి నీతి.

మనోమాపనానికి దక్షిణాఫ్రికాలో చట్టపరమైన ప్రాధాన్యం ఉంది. 1998 నాటి ఉద్యోగ సమానత్వ చట్టంలోని 8వ విభాగం ప్రకారం, సప్రమాణత, విశ్వసనీయత శాస్త్రీయంగా నిరూపితం కాని మానసిక పరీక్షలను ఉద్యోగులపై ప్రయోగించరాదు. ఆ పరీక్ష అందరికీ న్యాయంగా వర్తించాలి, ఏ వర్గానికీ వ్యతిరేకంగా ఉండరాదు. ఫిక్ నాటి పరీక్షల చరిత్ర తెలిసిన విద్యార్థికి ఈ నిబంధన కేవలం సాంకేతిక విషయంగా కనిపించదు.

క్రైస్తవ సంస్థలలో వీటికి తోడుగా క్రైస్తవ తత్త్వచింతన, నీతిశాస్త్రం వంటి విషయాలు బోధించే సంప్రదాయం ఉంది. అయితే ప్రైవేటు సంస్థలు కూడా 1997 నాటి ఉన్నత విద్యా చట్టం క్రింద నమోదై, తమ కోర్సులకు ఉన్నత విద్యా మండలి గుర్తింపు పొందాలి. ఆనర్స్‌కు నిర్ణయించిన స్థాయి, క్రెడిట్లు, పరిశోధన భాగం అన్ని సంస్థలకూ ఒక్కటే. విశ్వాస బోధన ఈ ప్రమాణాలకు అదనంగా ఉండవచ్చును గాని వాటికి బదులుగా కాదు.

విశ్వాసానికీ శాస్త్రానికీ గల సంబంధం

ఈ రెంటినీ ఏ విధంగా కలిపి చదవాలన్న విషయంలో క్రైస్తవులలోనే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో ఎరిక్ జాన్సన్ సంపాదకత్వంలో 2010లో వెలువడిన ఒక గ్రంథం ఐదు దృక్పథాలను ఒకచోట చేర్చింది. వ్యాకులతను ఉదాహరణగా తీసుకుంటే వాటి మధ్య భేదం స్పష్టమవుతుంది.

వివరణ స్థాయిల దృక్పథం ప్రకారం మెదడు రసాయనాలు, ఆలోచనా విధానం, కుటుంబ పరిస్థితులు, ఆధ్యాత్మిక అర్థం వేర్వేరు స్థాయిలు. శాస్త్రం తన స్థాయిలో తన పద్ధతులతోనే పనిచేయాలి. సమన్వయ దృక్పథం శాస్త్ర ఫలితాలను స్వీకరిస్తూనే వాటి వెనుక గల తాత్విక భావనలను విశ్వాసం వెలుగులో విమర్శిస్తుంది. క్రైస్తవ మనస్తత్వశాస్త్ర దృక్పథం బైబిలు, ప్రాచీన క్రైస్తవ రచనల నుండే మనిషిని గురించిన సిద్ధాంతాన్ని నిర్మించాలంటుంది. పరివర్తన దృక్పథం చదివేవాని ఆత్మీయ ఎదుగుదలకే ప్రాధాన్యమిస్తుంది. బైబిలు ఆధారిత కౌన్సెలింగ్ దృక్పథం లౌకిక చికిత్సా సిద్ధాంతాలను అనుమానంతో చూసి, సంఘంలో వాక్యం ద్వారా జరిగే పరామర్శను ముందుంచుతుంది.

ఆనర్స్ విద్యార్థికి ఈ భేదాల వలన ఒక ఆచరణాత్మక ప్రశ్న ఎదురవుతుంది. ప్రార్థన చేసేవారిలో ఆందోళన తక్కువగా ఉందని ఒక అధ్యయనంలో తేలినంత మాత్రాన ప్రార్థనే కారణమని చెప్పలేము. సంఘంలోని తోడ్పాటు కారణం కావచ్చు, ఆందోళన తక్కువగా ఉన్నవారే ఎక్కువగా ప్రార్థిస్తూ ఉండవచ్చు. తనకు ఇష్టమైన ఫలితాన్ని కూడా ఇతర ఫలితాలను పరీక్షించినంత కఠినంగా పరీక్షించడం ఈ చదువులో నేర్వవలసిన క్రమశిక్షణ.

పోచెఫ్‌స్ట్రూమ్‌లో మరొక పరిశోధన మార్గం కూడా వికసించింది. రోగాన్ని మాత్రమే గాక మనిషిలోని మానసిక బలాలను అధ్యయనం చేయాలని వాదిస్తూ మారీ విస్సింగ్, క్రిజాన్ ఫాన్ ఈడెన్ 1997లో సైకోఫార్టాలజీ అనే శాఖను ప్రతిపాదించారు. ఈ పేరులో లాటిన్ భాషలో బలం అనే అర్థమిచ్చే పదం ఉంది.

వృత్తి నియమాలు

మనస్తత్వవేత్త అనే బిరుదు 1974 నాటి ఆరోగ్య వృత్తుల చట్టం క్రింద నమోదైనవారికే చెందుతుంది. 2006లో ప్రకటించిన నైతిక నియమావళిలో మనస్తత్వవేత్తలకు ప్రత్యేక అనుబంధం ఉంది. మతం, జాతి, లింగం, లైంగిక ధోరణి వంటి కారణాలతో సేవార్థుల పట్ల వివక్ష చూపరాదు. పాస్టరు చేసే పరామర్శకూ మనస్తత్వవేత్త చికిత్సకూ ఇక్కడే తేడా వస్తుంది. పాస్టరు వద్దకు వచ్చిన విశ్వాసి ఆ విశ్వాసపు మాట వినడానికే వస్తాడు. మనస్తత్వవేత్త వద్దకు వచ్చినవాడు ఏ విశ్వాసానికి చెందినా, అసలు విశ్వాసమే లేకున్నా సమాన సేవకు అర్హుడు.

లైంగికత విషయంలో ఈ ఘర్షణ మరింత తీవ్రమైనది. దక్షిణాఫ్రికా మనస్తత్వశాస్త్ర సమాజం 2013లో లైంగిక, లింగ వైవిధ్యాన్ని గౌరవించాలని కోరుతూ తన వైఖరిని ప్రకటించింది. సంఘ బోధన వేరుగా ఉన్న విద్యార్థి తన వ్యక్తిగత విశ్వాసాన్ని, సేవార్థి పట్ల తన వృత్తిధర్మాన్ని వేరుచేసి చూడడం నేర్చుకోవలసి ఉంటుంది.

మరొకవైపు విశ్వాసాన్ని పూర్తిగా విస్మరించే శిక్షణ కూడా ఆ దేశంలో అసంపూర్ణమే అవుతుంది. 2022 జనాభా లెక్కల ప్రకారం జనాభాలో సుమారు 85 శాతం క్రైస్తవులు. వారిలో చాలామంది పూర్వీకుల ఆత్మల పట్ల భక్తిని కూడా నిలుపుకొన్నారు. పూర్వీకుల స్వరం విన్నానని చెప్పే వ్యక్తి మాటలు అతని సమాజంలో అంగీకృతమైన అనుభవమా, మనోవ్యాధి లక్షణమా అని నిర్ణయించడానికి రోగలక్షణాల పట్టికతో పాటు ఆ ప్రజల విశ్వాసం కూడా తెలిసి ఉండాలి.

క్షమాపణపై అధ్యయనం

క్రైస్తవ భావన ఒకటి మనస్తత్వశాస్త్ర పరిశీలనకు వస్తువైన సందర్భం సత్య, సమన్వయ సంఘం విచారణలు. ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన 1996లో ఇవి ప్రారంభమయ్యాయి. ఫోర్ట్ హేర్‌లో మనస్తత్వశాస్త్ర ఆనర్స్ చదివిన పుమ్లా గొబోడో-మడికిజేలా ఈ సంఘంలో పనిచేసింది. వర్ణవివక్ష కాలపు హత్యలకు శిక్ష అనుభవిస్తున్న పోలీసు అధికారి యూజీన్ డి కాక్‌ను చెరసాలలో కలిసి జరిపిన సంభాషణల ఆధారంగా ఆమె రాసిన పుస్తకం 2003లో వెలువడింది. నేరం చేసినవాని పశ్చాత్తాపం, బాధితుల క్షమాగుణం ఎట్టి పరిస్థితులలో సాధ్యమవుతాయన్నది ఆమె పరిశోధనాంశం. 2024లో ఆమెకు టెంపుల్టన్ బహుమతి లభించింది.

ఈ విచారణలపై విమర్శ కూడా ఉంది. క్షమించడం క్రైస్తవ ధర్మమనే వాతావరణం వలన, క్షమించలేని బాధితులపై ఒత్తిడి పడిందని విమర్శకులు అంటారు. ఆగ్రహం కూడా గాయపడిన మనసుకు సహజమైన, న్యాయమైన స్పందన కావచ్చు.

ప్రస్తుత స్థితి

2004 జనవరి 1న పోచెఫ్‌స్ట్రూమ్ విశ్వవిద్యాలయం పూర్వపు నార్త్-వెస్ట్ విశ్వవిద్యాలయంతో విలీనమై నేటి వాయవ్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానితో క్రైస్తవ అనే మాట సంస్థ పేరు నుండి తొలగింది. 1996 నాటి రాజ్యాంగంలోని 15వ విభాగం మత స్వాతంత్ర్యానికి హామీ ఇస్తున్నది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఏ ఒక్క మతానికీ ప్రతినిధులు కావు. క్రైస్తవ విలువలను ప్రకటించుకొని మనస్తత్వశాస్త్రం బోధించే పని ఇప్పుడు ప్రధానంగా ప్రైవేటు సంస్థలది. అక్కడ చదివినవారు కూడా మాస్టర్స్ ప్రవేశానికి ఇతర విశ్వవిద్యాలయాల పట్టభద్రులతో సమానంగా పోటీపడవలసి ఉంటుంది. అందువలన కోర్సుకు గుర్తింపు ఉన్నదా, పరిశోధన శిక్షణ తగినంతగా ఉన్నదా, తరువాతి స్థాయికి ఆ పట్టా చెల్లుతుందా అనే విషయాలు విద్యార్థి చేరడానికి ముందే చూసుకోవలసినవి.