నోరు పెగలని ఆజ్ఞ

చరిత్రలో దీనికి 'పికెట్ దాడి' అని పేరు. పథకం మాత్రం పికెట్‌ది కాదు, దాడి మొత్తానికి అధిపతీ ఆయన కాడు. ఆ పొలాల్లో నడిచిన సైనికుల్లో ఆయన డివిజన్ వాళ్లు సగం కూడా లేరు. 1863 జులై 3 మధ్యాహ్నం, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో గెటిస్‌బర్గ్ ఊరి పక్కన, 12 వేల పైచిలుకు పదాతి సైనికులు బట్టబయట ఫిరంగులకు ఎదురు నడిచారు. గంట తిరక్కముందే వాళ్లలో సగానికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా శత్రువుకు చిక్కారు. ఈ దాడి మీద సాహసగాథలకు కొదవ లేదు. నాకు మాత్రం దాడి కన్నా దానికి ముందు గడిచిన రెండు మూడు గంటలే ఎక్కువ ఆసక్తిగా ఉంటాయి. ఆజ్ఞ ఇవ్వాల్సినవాడు ఇవ్వలేక, దాన్ని తన కింది కుర్ర అధికారి నెత్తిన పెట్టబోయి, అదీ కుదరక, చివరికి తల ఊపి ఊరుకున్న గంటలవి.

అంతర్యుద్ధం మొదలై అప్పటికి రెండేళ్లు దాటింది. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు ఒకవైపు, దేశం చీలడానికి వీల్లేదన్న ఉత్తరాది మరోవైపు. దాని సెగ మన దాకా కూడా వచ్చింది. అమెరికా పత్తి ఆగిపోయి ఇంగ్లండ్ మిల్లులు అల్లాడుతుంటే గుంటూరు వైపు పత్తికి ధర లేచింది, కాకినాడ రేవుకు కళ వచ్చింది. అదంతా వేరే కథ.

దక్షిణాది సేనాని రాబర్ట్ ఇ. లీ ఆ ఏడాది మే నెలలో ఛాన్సలర్స్‌విల్ దగ్గర తనకు దాదాపు రెట్టింపున్న సైన్యాన్ని ఓడించాడు. సైనికులకు ఆయన మీద గురి, ఆయనకు వాళ్ల మీద అంతకు మించిన గురి. వీళ్లు చేయలేనిది లేదన్న ధీమాతోనే శత్రువు గడ్డ మీద అడుగుపెట్టాడు. గెటిస్‌బర్గ్‌లో మొదటిరోజు ఉత్తరాది సైన్యం ఊరు వదిలి దక్షిణాన ఉన్న గుట్టల మీదికి వెనక్కి తగ్గింది. రెండోరోజు ఆ గుట్టల వరుసను లీ రెండు కొసల్లోనూ కొట్టాడు. వేలమంది కూలారు, గుట్టలు మాత్రం దక్కలేదు. కొసలు బలంగా ఉన్నాయంటే నడుము బలహీనంగా ఉంటుందని ఆయన లెక్క. ఉత్తరాది సేనాని జార్జ్ మీడ్ ఆ పదవిలోకి వచ్చి వారం కూడా కాలేదు. అయినా ఆ రాత్రి నడిమి భాగాన్ని చూస్తున్న జనరల్ గిబ్బన్‌తో, లీ రేపు కొడితే నీ మీదికే వస్తాడని చెప్పాడట.

లీ ఈ పని అప్పగించింది జేమ్స్ లాంగ్‌స్ట్రీట్‌కు. భారీ మనిషి, మితభాషి, లీకి కుడిభుజం. ఈయనకు ఆ పథకం సుతరామూ నచ్చలేదు. పదిహేను వేలమంది కాదు, ఎంతటి మొనగాళ్లను వరసలో నిలబెట్టినా ఆ చోటు పట్టడం జరగదని ఆ ఉదయమే లీకి చెప్పానని తర్వాత రాసుకున్నాడు. ఓడిపోయిన సేనానులు ముసలితనంలో రాసుకునే మాటల్ని కాస్త జల్లెడ పట్టే చదవాలి. కానీ లాంగ్‌స్ట్రీట్ అనుభవం ఆయన పక్షానే సాక్ష్యం చెబుతుంది. అంతకు ఏడు నెలల ముందు, 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఇదే ఆట తిరగేసి జరిగింది. గుట్ట కింద రాతిగోడ వెనక లాంగ్‌స్ట్రీట్ మనుషులు, ఎదురుగా ఖాళీ మైదానంలో ఉత్తరాది సైనికులు. అలలు అలలుగా వచ్చారు, ఒక్కడూ గోడ దాటలేదు. ఆ రోజు గుట్టమీద ఫిరంగులు అమర్చిన అధికారి, మేం కాల్పులు మొదలెడితే ఈ మైదానంలో కోడిపిల్ల కూడా బతకదని లాంగ్‌స్ట్రీట్‌తో అన్నాడట. ఆ అధికారి పేరు ఎడ్వర్డ్ పోర్టర్ అలెగ్జాండర్. గెటిస్‌బర్గ్‌లోనూ లాంగ్‌స్ట్రీట్ ఫిరంగులు అతని చేతిలోనే ఉన్నాయి. వయసు 28.

ఇప్పుడు రాతిగోడ అవతలివాళ్లది. సెమినరీ రిడ్జ్ చెట్ల నుంచి ఎదురుగా సెమెటరీ రిడ్జ్ దాకా కిలోమీటరు పైచిలుకు. మధ్యలో పొలాలు, వాటికి అడ్డంగా ఎమిట్స్‌బర్గ్ రోడ్డు. రోడ్డుకు రెండువైపులా గుంజలకు కమ్మీలు బిగించిన గట్టి కంచెలు. కంచె ఎక్కే మనిషి క్షణంపాటు కదలని గురి అవుతాడు. ఆ క్షణం తుపాకీకి అందే దూరంలోనే వచ్చేలా ఉంది ఆ రోడ్డు.

దాడి ఎడమ భాగం సరిగ్గా ఎవరి కొట్టం వైపు నడవాలో కూడా చెప్పుకోవాలి. ఏబ్రహాం బ్రయన్ అనే నల్లజాతి రైతుది అది. బానిస కాదు, స్వేచ్ఛాజీవి. గుట్టమీద 12 ఎకరాల సొంత పొలం, చిన్న ఇల్లు, కొట్టం. లీ సైన్యం పెన్సిల్వేనియాలో దొరికిన నల్లవాళ్లను, స్వేచ్ఛగా పుట్టినవాళ్లనైనా సరే, పట్టి దక్షిణాదికి తోలుతోంది. బ్రయన్ పెళ్లాం పిల్లల్ని తీసుకుని ముందే ఊరు వదిలాడు. ఈ యుద్ధం ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు, ఆ ఖాళీ ఇల్లు చాలు.

పథకం ప్రకారం ముందు దాదాపు 150 ఫిరంగులు గుట్ట నడుమును కొట్టాలి. అక్కడి ఫిరంగుల నోళ్లు మూయించాక పదాతిదళం కదలాలి. మధ్యాహ్నం కావస్తుండగా అలెగ్జాండర్‌కు లాంగ్‌స్ట్రీట్ దగ్గర్నుంచి చీటీ వచ్చింది. మన ఫిరంగులు శత్రువును తరిమేయకపోతే, కనీసం బాగా బెదరగొట్టకపోతే, దాడికి వెళ్లమని పికెట్‌కు నువ్వు చెప్పకపోవడమే మేలు, ఈ విషయంలో నీ అంచనా మీదే ఆధారపడుతున్నాను అని దాని సారాంశం. అలెగ్జాండర్ గుండె జారింది. అంతవరకూ ఈ దాడి మీద అతనికి అనుమానం లేదు, లీ వేసిన పథకం కాబట్టి. జరగొచ్చు, జరక్కపోవచ్చు అన్న మాట చీటీలో చూశాకే, వేలమంది ప్రాణాలు తన మెడకు చుట్టుకుంటున్నాయని అర్థమైంది.

అతని జవాబు వయసుకు మించినది. పొగలో శత్రువు తిరిగి కాల్చే గుండ్లను బట్టి తప్ప ఏమీ చెప్పలేను. వేరే దారేదైనా ఉంటే కాల్పులు మొదలుపెట్టకముందే ఆలోచించండి. మన మందుగుండు ఈ ఒక్క పనికే సరిపోతుంది, ఇది బెడిసికొడితే ఇంకో ప్రయత్నానికి మిగలదు. భారాన్ని పైకి నెట్టాడన్నమాట. లాంగ్‌స్ట్రీట్ మళ్లీ కిందికి నెట్టాడు. ఫిరంగులు ఫలితం చూపిస్తే పదాతిదళం కదలాలన్నదే ఉద్దేశం, ఆ సమయం వచ్చినప్పుడు పికెట్‌కు చెప్పు అని ఇంకో చీటీ. దిక్కుతోచక అలెగ్జాండర్ పక్కనున్న జనరల్ రైట్‌ను అడిగాడు. రైట్ బ్రిగేడ్ ముందురోజు ఆ గుట్ట అంచుదాకా వెళ్లొచ్చింది. వెళ్లడం పెద్ద కష్టమేం కాదు, వెళ్లి అక్కడ నిలబడడమే కష్టం అన్నాడాయన. సలహా అడిగినవాడికి దక్కింది అదీ.

ఒంటిగంట దాటాక జోడు ఫిరంగులు సంకేతంగా పేలాయి. ఆపైన చెవులు చిల్లులు పడే మోత. ఊళ్లోని కళాశాల ప్రొఫెసర్ మైకేల్ జేకబ్స్ ఆ యుద్ధం మధ్యలోనూ మానకుండా వాతావరణం రాసిపెట్టాడు. రెండు గంటలకు 87 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 30 సెల్సియస్ పైన. రెంటచింతల ఎండలు చూసినవాళ్లకు నవ్వొస్తుంది గానీ, ఉన్ని కోట్లు వేసుకుని చెట్ల కింద బోర్లా పడుకుని చావు కోసం ఎదురుచూసేవాళ్లకు అది తక్కువేం కాదు. గుండ్లు చాలావరకు గోడ వెనకున్నవాళ్ల నెత్తి మీదుగా వెళ్లి అవతల పడ్డాయి. పొగలో ఆ సంగతి తెలిసే వీల్లేదు. ఉత్తరాది ఫిరంగుల అధిపతి హెన్రీ హంట్ తెలివిగా కాల్పులు తగ్గించమన్నాడు. అసలు దాడికి మందుగుండు మిగలాలి, పైగా ఫిరంగులు దెబ్బతిన్నాయని శత్రువు నమ్మాలి.

నమ్మారు. శ్మశానం దగ్గర్నుంచి కాలుస్తున్న 18 ఫిరంగులు వెళ్లిపోయాయి, దేవుడి మీద ఆన, త్వరగా రండి, లేకపోతే మీకు సాయం చేయడానికి మా దగ్గర మందుగుండు ఉండదు అని అలెగ్జాండర్ పికెట్‌కు రాశాడు. జార్జ్ పికెట్ అంటే భుజాల మీదికి జారే ఉంగరాల జుట్టు, దానికి ఘుమఘుమలాడే అత్తరు. వెస్ట్‌పాయింట్ సైనిక కళాశాలలో 1846 తరగతిలో ఆఖరి ర్యాంకు. మొదటి రెండు రోజుల పోరు అతనికి దక్కలేదు, ఆత్రంగా ఉన్నాడు. చీటీ తీసుకుని లాంగ్‌స్ట్రీట్ దగ్గరికి వెళ్లి, "జనరల్, ముందుకు కదలమంటారా?" అని అడిగాడు. లాంగ్‌స్ట్రీట్‌కు నోరు పెగల్లేదు. తల ఊపాడు. పికెట్‌కు అదే చాలు.

అయినా లాంగ్‌స్ట్రీట్ మనసు కుదుటపడలేదు. గుర్రమెక్కి అలెగ్జాండర్ దగ్గరికి వచ్చాడు. మందుగుండు అయిపోవచ్చిందని విని, పికెట్‌ను ఆపు, మందుగుండు నింపుకో అన్నాడు. నింపడానికి చాలాసేపు పడుతుంది, బళ్లలో ఉన్నదీ అంతంతమాత్రమే, ఈలోపు శత్రువు తేరుకుంటాడు అన్నాడు అలెగ్జాండర్. ఈ దాడి చేయడం నాకిష్టం లేదు, లీ ఆజ్ఞ లేకపోతే ఇప్పుడే ఆపేసేవాణ్ని అంటూ లాంగ్‌స్ట్రీట్ ఆగి ఆగి మాట్లాడాడు. ఒక్క మాట సాయం దొరికితే ఆపేసేలా ఉన్నాడని ఆ కుర్రాడికి అనిపించింది. అడగని అభిప్రాయం చెప్పేంత వయసు, అనుభవం తనకు లేవనుకుని మౌనంగా ఉండిపోయానని దశాబ్దాల తర్వాత రాశాడు. వాళ్లిద్దరూ అలా నిలబడి ఉండగానే వెనక చెట్లలోంచి పికెట్ వరసలు బయటికొచ్చాయి. ఇంతమంది పెద్దల మధ్య పని జరగదని తెలిసినవాళ్లకు కరువు లేదు. వద్దని ఒక్కసారి చెప్పినవాడు లాంగ్‌స్ట్రీట్ ఒక్కడే, ఆయనా ఆ తర్వాత ఒప్పుకోలేదు, తప్పుకోలేదు.

పికెట్ డివిజన్ కుడివైపు. ఎడమవైపు పెటిగ్రూ, ట్రింబుల్ నడిపిన దళాలు. తొలిరోజు పోరులోనే చితికిపోయి ఉన్న నార్త్ కరోలినా, మిసిసిపి, టెనెసీ, అలబామా వాళ్లు వాటిలో ఉన్నారు. మిసిసిపి విశ్వవిద్యాలయం విద్యార్థులతో ఏర్పడ్డ కంపెనీ ఒకటి ఆ వరసల్లోనే నడిచింది. అందులో ఒక్కరూ దెబ్బ తగలకుండా తిరిగి రాలేదు. గుట్ట మీదివాళ్లు ఆ వరసల తీరు చూసి ముచ్చటపడ్డారట, ఫిరంగులు గురిపెడుతూనే. ఎడమ కొసను ఓహయోకు చెందిన రెండొందల మంది కూడా లేని దళం పక్క నుంచి కాల్చి కకావికలు చేసింది. కుడి కొసను వెర్మాంట్ సైనికులు తమ చోటు వదిలి బయటికొచ్చి, తలుపు తిరిగినట్టు తిరిగి, పక్కనుంచి కొట్టారు. గోడ వెనకవాళ్లు "ఫ్రెడరిక్స్‌బర్గ్! ఫ్రెడరిక్స్‌బర్గ్!" అని అరిచారు. ఏడు నెలల బాకీ.

పికెట్ బ్రిగేడియర్లలో రిచర్డ్ గార్నెట్ కథ వేరు. 1862లో కెర్న్‌స్టౌన్ దగ్గర తన మనుషుల దగ్గర తూటాలు అయిపోయాయని ఆజ్ఞ లేకుండా వెనక్కి తగ్గాడు. పై అధికారి స్టోన్‌వాల్ జాక్సన్ అరెస్టు చేయించి కోర్టు మార్షల్ పెట్టించాడు. విచారణ తేలకముందే ఆగిపోయింది, జాక్సన్ కూడా చనిపోయాడు. మచ్చ మాత్రం మిగిలింది. గెటిస్‌బర్గ్‌లో గార్నెట్ నడవలేనంత అనారోగ్యంతో ఉన్నాడు. గుర్రం మీద వెళ్తే మొదటి తూటా తనకేనని తెలిసీ గుర్రమెక్కాడు. గోడకు కొద్ది గజాల దూరంలో పడిపోయాడు. శవాన్ని ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. అతని కత్తి ఏళ్ల తర్వాత బాల్టిమోర్‌లో ఓ తాకట్టు కొట్టులో తేలింది. తూటాలు లేక వెనక్కి తగ్గినవాడికి శిక్ష వేసిన సైన్యం, మందుగుండు లేదని తెలిసీ అతన్నే ముందుకు పంపింది.

రాతిగోడ ఒకచోట మూలగా మలుపు తిరుగుతుంది. అక్కడ లెఫ్టినెంట్ అలోంజో కుషింగ్ ఫిరంగులున్నాయి. వయసు 22. భుజానికీ, తొడల మధ్యా గాయాలై గొంతు లేవని స్థితిలో ఉంటే సార్జెంట్ ఫ్యూగర్ అతన్ని పట్టుకుని నిలబెట్టి, అతని మాటల్ని బిగ్గరగా చెప్పాడు. చివరి గుండు పేల్చేవేళ నోట్లోంచి తూటా దూసుకుపోయి చనిపోయాడు. అతనికి దేశపు అత్యున్నత సైనిక పతకం 2014లో ఇచ్చారు. ఆ మలుపు దగ్గరే పికెట్ బ్రిగేడియర్ లూయిస్ ఆర్మిస్టెడ్ టోపీని కత్తి మొనకు తగిలించి పైకెత్తి, వందా రెండొందల మందితో గోడ దాటాడు. ఓ ఫిరంగి మీద చెయ్యి వేసి కూలాడు, రెండు రోజులకు శత్రువు ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ గుట్టను కాస్తున్న హాంకాక్ అతనికి కాలిఫోర్నియా రోజుల స్నేహితుడు, అదే గంటలో ఆయనా గాయపడ్డాడు. గోడ దాటినవాళ్లకు వెనకనుంచి సాయం రాలేదు. రైట్ చెప్పింది అక్షరాలా జరిగింది.

ఉత్తరాది నష్టం 1,500 మంది దాకా. దక్షిణాదిది దానికి నాలుగు రెట్ల పైన. తిరిగొస్తున్నవాళ్లకు లీ గుర్రం మీద ఎదురెళ్లి, తప్పంతా నాదేనని చెప్పాడని బ్రిటిష్ అధికారి ఫ్రీమాంటిల్ రాశాడు. మరుసటి నెలలో లీ రాజీనామా కూడా పంపాడు, దక్షిణాది అధ్యక్షుడు డేవిస్ ఒప్పుకోలేదు. మీడ్‌కు బస అయిన ఇంటి యజమానురాలు లిడియా లైస్టర్ అనే వితంతువు తిరిగొచ్చేసరికి పెరట్లో, పొలంలో 17 గుర్రాల శవాలు. వాటిని కాల్చడంలో తన మంచి పీచ్ చెట్టు పోయిందని వాపోయింది. ఏబ్రహాం బ్రయన్ 1,028 డాలర్ల నష్టానికి అర్జీ పెట్టుకున్నాడు. చేతికొచ్చింది 15 డాలర్లు.

పికెట్ తన నివేదికలో తోటి దళాల మీద విరుచుకుపడితే, దాన్ని చించేసి వేరేది రాయమన్నాడు లీ. ఆ నివేదిక ఇంతవరకు బయటపడలేదు. 1870లో లీని కలిసి బయటికొస్తూ, ఆ ముసలాయన నా డివిజన్‌ను ఊచకోత కోయించాడని పికెట్ అన్నట్టు అతనితో వెళ్లిన మాజీ దక్షిణాది అధికారి మాస్బీ చెప్పాడు. అయితేనేం, నీ పేరు నిలబెట్టాడుగా అన్నాడట మాస్బీ. పేరు నిజంగానే నిలబడింది. రిచ్‌మండ్ పత్రికలు పికెట్ డివిజన్‌లోని వర్జీనియా వాళ్లను ఆకాశానికెత్తి, దాడి విఫలమవడానికి నార్త్ కరోలినా వాళ్లే కారణమన్నాయి. ఆ రెండు రాష్ట్రాల మాజీ సైనికులు ఎవరు గోడకు ఎంత దగ్గరగా వెళ్లారో గజాల్లో కొలుచుకుంటూ అర్ధశతాబ్దం తగువులాడుకున్నారు.

లాంగ్‌స్ట్రీట్‌కు అంతకన్నా పెద్ద శిక్షే పడింది. యుద్ధం తర్వాత లింకన్ పార్టీలో చేరాడు. 1874లో న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతి సైనికులున్న మిలీషియాను నడిపించి తెల్లజాతి మూకల్ని ఎదిరించాడు. దక్షిణాది దాన్ని క్షమించలేదు. లీ అప్పటికే దేవుడైపోయాడు కనుక గెటిస్‌బర్గ్ ఓటమికి ఎవరో ఒక పాపాత్ముడు కావాల్సి వచ్చింది. జూబల్ ఎర్లీ లాంటి పాత జనరళ్లు ఆ నేరాన్ని లాంగ్‌స్ట్రీట్ ఖాతాలో రాశారు. ఆయన 1904లో పోయేదాకా సంజాయిషీలు రాస్తూనే ఉన్నాడు. గెటిస్‌బర్గ్ మైదానంలో లీ విగ్రహం 1917లో లేచింది. లాంగ్‌స్ట్రీట్‌ది 1998లో పెట్టారు, దిమ్మె లేకుండా నేల మీదే.