క్రియా సూత్రము: గురుత్వాకర్షణమున తీరని వెదకులాట

విసరిన రాయి మామిడిచెట్టు మీదుగా వంపుగా పోయి నేలబడుట అందరును చూచినదే. అది ఆ దారినే యేల పోవలెను? క్షణక్షణమునకు చలనశక్తినుండి స్థితిశక్తిని తీసివేసి, ప్రయాణకాల మంతటికిని కూడగా వచ్చు మొత్తమునకు శాస్త్రజ్ఞులు ‘క్రియ’ యని పేరిడిరి. నిజమైన దారిని రవ్వంత అటునిటు జరిపినను ఈ మొత్తము ఇంచుమించు మారదు. తక్కిన దారులకు ఆ గుణము లేదు. 1744లో మోపెర్తువీ, ఆయిలరు దీనికి పునాది వేసిరి. మోపెర్తువీ ఇందు సృష్టికర్త పొదుపరితనమును చూచెను గాని, క్రియ యెల్లప్పుడును కనిష్ఠమే కానక్కరలేదని పిమ్మట తేలినది.

గురుత్వాకర్షణమునకు ఈ సూత్రము 1915 నవంబరులో చక్కగా అమరినది. 20వ తేదీన గటింజెనులో హిల్బర్టు దేశకాలముల వంపునుండియే క్రియను నిర్మించి విద్వత్సభకు నివేదించెను. 25వ తేదీన బెర్లినులో ఐన్‌స్టయిను తుది సమీకరణములను సమర్పించెను. ఎవరు ముందను తగవు పిమ్మట చాలకాలము నడచినది. సిద్ధాంతము ఐన్‌స్టయినుదేయని హిల్బర్టే ఒప్పుకొనెను గనుక ఆ తగవు అంత విలువైనది కాదు.

సూక్ష్మకణములకు ‘స్పిన్’ అను గుణమొకటి కలదు. బొంగరముతో పోల్చుట వాడుకయే గాని, ఆ పోలిక కొంతవరకే చెల్లును. ఎలక్ట్రానుకు అది అర, కాంతికణమునకు 1. గురుత్వాకర్షణమునకును కణమున్నచో దానికి 2. మరి 3, 4, అంతకు పైబడినవి యేల ఉండరాదు? స్పిన్ ఎంతయైనను సరిపడు సమీకరణములను 1939లో ఫియర్జు, పౌలి వ్రాసిరి. 1978లో ఫ్రాన్స్‌డల్, ద్రవ్యరాశి లేని క్షేత్రములకు, ప్రతి పూర్ణాంకపు స్పిన్‌కును క్రియను చూపెను. అయితే ఆ క్షేత్రములు మాటలు లేని ఇరుగుపొరుగుల వంటివి. ఒకదానితో నొకటికి పొత్తు లేదు. పొత్తు కలుపబోయినచో సిద్ధాంతమే చెడుచుండెను. చదునైన దేశకాలమున 2కు మించిన స్పిన్ గల అట్టి కణములు దూరమునకు పనిచేయు బలమును కలిగింపజాలవని 1964లోనే వైన్‌బర్గు చూపియుండెను.

1987లో మాస్కో శాస్త్రజ్ఞులు ఫ్రాడ్‌కిన్, వసిల్యెవ్ సందు కనుగొనిరి. ఐన్‌స్టయిను విశ్వస్థిరాంకము సున్న కానిచోట ఆ క్షేత్రములు గురుత్వాకర్షణముతో కలియగలవు. వారి క్రియలో ఆ స్థిరాంకము హారమున నిలిచినది. దానిని సున్న చేసినచో భాగహారమే చెల్లదు. చదును దేశకాలమున వెదకినవారికి దొరకకపోవుటకు కారణమిదియే. ఆ క్రియయు మూడేసి క్షేత్రముల కలయిక వరకే.

1990లో వసిల్యెవ్ సంపూర్ణ సమీకరణములను వ్రాసెను. వానియందు అంతులేని స్పిన్‌లన్నియు ఒక్కమారుగ రావలెను. కాని అవి క్రియనుండి పుట్టినవి కావు. ఈ లోటు చిన్నది కాదు. 1948లో ఫైన్‌మన్ చూపిన క్వాంటం పద్ధతిలో, ప్రతి దారియు మొత్తమునందు ఎట్లు చేరవలెనో దాని క్రియయే నిర్ణయించును. క్రియ లేనిచో ఆ లెక్క మొదలే కాదు.

పొడవు, వెడల్పు, కాలము అను మూడు కొలతలలో మాత్రము పని సులువైనది. 1989లోనే బ్లెంకో అట్టి క్రియను వ్రాసెను. అచ్చట ఈ క్షేత్రములకు పారు తరంగములే లేవు. ఎత్తును చేర్చి నాలుగు కొలతలైనచో తరంగములు వచ్చును, చిక్కులును వచ్చును. 2011లో బులాంజె, సుందెల్ అదనపు కొలతలు కలిపి ఒక క్రియను ప్రతిపాదించిరి; అది ఫ్రాన్స్‌డల్ క్రియవలె సాధారణ దేశకాలమున వ్రాసినది కాదు. వసిల్యెవ్ సమీకరణములన్నియు పుట్టునట్టి, అందరును అంగీకరించిన క్రియకై వెదకులాట ఇంకను సాగుచునే యున్నది.