తాడులాగుడు పోటీకి ఆవల: రాట్లర్ యుద్ధనౌక (1843–1856)

ఆవిరి నౌకల చరిత్ర రాసినవారిలో 1845 ఏప్రిల్ 3 నాటి సంఘటనను ప్రస్తావించనివారు అరుదు. ఆనాడు బ్రిటిష్ నౌకాదళం రాట్లర్, అలెక్టో అనే రెండు స్లూపుల వెనుక భాగాలను మోకుతో కలిపి కట్టించి, వాటిని ఎదురు దిశల్లో నడిపించింది. రాట్లర్‌ది నీటి అడుగున తిరిగే స్క్రూ ప్రొపెల్లర్. అలెక్టోది పక్కల తిరిగే తెడ్డుచక్రం. కొద్దిసేపటికే రాట్లర్ తన ప్రత్యర్థిని సుమారు రెండున్నర నాట్ల వేగంతో వెనక్కి ఈడ్చుకుపోయింది. తెడ్డుచక్రాల యుగం ఆనాటితోనే ముగిసిందన్న అభిప్రాయం దీనివల్ల స్థిరపడింది.

ఈ అభిప్రాయం పునఃపరిశీలించదగినది. రెండు నౌకల యంత్రాలూ నమోదులో 200 అశ్వశక్తివే అయినా, వాస్తవంగా రాట్లర్ యంత్రం వెలువరించిన శక్తి చాలా ఎక్కువ. కనుక దీనిని సమఉజ్జీల పోటీ అనలేము. పైగా స్క్రూతో నడిచే మరికొన్ని యుద్ధనౌకల నిర్మాణానికి నౌకాశాఖ అప్పటికే ఉత్తర్వులిచ్చి ఉంది. తాడులాగుడు ఆ నిర్ణయాన్ని జనానికి కళ్ళకు కట్టిన ప్రదర్శన మాత్రమే.

అసలు పరిశోధన అంతకుముందే జరిగింది. షీర్నెస్ నౌకాశ్రయంలో నిర్మితమై 1843 ఏప్రిల్‌లో జలప్రవేశం చేసిన రాట్లర్ మీద, దాదాపు రెండేళ్ళపాటు వేర్వేరు ఆకృతుల ప్రొపెల్లర్లను బిగించి పరీక్షించారు. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ రూపొందించిన స్క్రూను దఫదఫాలుగా కోసి పొడవు తగ్గించగా, పొట్టి స్క్రూయే మేలని తేలింది. యుద్ధావసరాల దృష్ట్యా దీని ప్రయోజనం స్పష్టం. తెడ్డుచక్రం శత్రువు గుండుకు సులభంగా చిక్కుతుంది. ఫిరంగులు ఉంచవలసిన పక్కభాగాన్ని ఆక్రమిస్తుంది. నీటి అడుగునున్న స్క్రూకు ఈ రెండు లోపాలూ లేవు. 1845 మేలో ఫ్రాంక్లిన్ ఉత్తరధ్రువ యాత్ర నౌకలను స్కాట్లండ్ తీరం వైపు లాగుకొనిపోయిన నౌకల్లోనూ రాట్లర్ ఉంది. తరువాత పశ్చిమాఫ్రికా తీరంలో బానిస వ్యాపార నిరోధానికి దానిని వినియోగించారు.

1852 నాటి రెండవ ఆంగ్లో-బర్మా యుద్ధం ఈ చరిత్రలో మరో పార్శ్వాన్ని చూపుతుంది. రియర్ అడ్మిరల్ చార్లెస్ ఆస్టెన్ (నవలాకారిణి జేన్ ఆస్టెన్ సోదరుడు) తన పతాకాన్ని రాట్లర్ మీద ఎగురవేసి రంగూన్ నదీముఖానికి చేరాడు. ఏప్రిల్ 5న మర్తబాన్ కోటగోడల సమీపానికి వెళ్ళి ఈ నౌక ఫిరంగులు పేల్చింది. మద్రాసు, బెంగాల్ ప్రెసిడెన్సీల నుండి తరలివచ్చిన సేనలు ఏప్రిల్ మధ్యనాటికి రంగూన్‌ను ఆక్రమించాయి. మద్రాసు సైన్యంలో తెలుగువారూ ఉండేవారు. కనుక ఈ నౌకాయానం తెలుగు చరిత్రకు పూర్తిగా పరాయిది కాదు. ఆ ఏడాది డిసెంబరులో పెగూ ప్రాంతం బ్రిటిష్ పాలనలోకి వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుండి వేలాది కూలీలు రంగూన్‌కు వలస వెళ్ళడానికి ఈ ఆక్రమణే రాజకీయ భూమిక.

అయితే ఐరావతి నదిలో ఎగువకు సాగవలసి వచ్చినప్పుడు ముందుకు వెళ్ళినవి ప్రధానంగా ఈస్టిండియా కంపెనీకి చెందిన చిన్న స్టీమర్లు, అంటే తెడ్డుచక్రాల నౌకలే. లోతు తక్కువైన నీటిలో వాటికున్న సౌలభ్యం సముద్రయానానికి నిర్మించిన స్లూపుకు లేదు. ఆస్టెన్ కూడా ప్లూటో అనే తెడ్డుచక్రాల స్టీమరులోనే నది ఎగువకు ప్రయాణించి, అక్టోబరు 7న ప్రోమ్ ప్రాంతంలో ఆ నౌక మీదే మరణించాడు. మోకు పోటీలో ఓడిన యంత్రపద్ధతే నదీయుద్ధంలో అనివార్యమైందన్న ఈ సంగతికి, పోటీ కథనాలలో చోటు దక్కకపోవడం గమనార్హం.

1855 ఆగస్టులో రాట్లర్, పౌహటన్ అనే అమెరికన్ యుద్ధనౌక సిబ్బందితో కలిసి హాంకాంగ్ సమీపంలోని తైహో అఖాతం వద్ద సముద్రపు దొంగల జంకు ఓడలపై దాడిచేసింది. విచిత్రమేమంటే పౌహటన్ కూడా తెడ్డుచక్రాల నౌకే. జలప్రవేశం చేసిన పదమూడేళ్ళకే, 1856 నవంబరులో, రాట్లర్‌ను వూల్విచ్‌లో విడగొట్టారు.