అరణ్యము, మరుభూమి: కృష్ణా డెల్టా క్రైస్తవమున ఒక భావపరిణామము

క్రైస్తవ వేదమున మరుభూమికి గల స్థానము మిక్కిలి గొప్పది. ఐగుప్తు దాస్యమునుండి విడివడిన ఇశ్రాయేలీయులు 40 సంవత్సరములు అందు సంచరించిరి. బాప్తిస్మమిచ్చు యోహాను అందే బోధించెను. క్రీస్తు 40 దినములు అందుపవసించి శోధనలను జయించెను. క్రీ. శ. 3, 4 శతాబ్దులలో ఐగుప్తున అంతోని మొదలగు విరాగులు ఊళ్ళు విడిచి యిసుకభూములకేగి క్రైస్తవ సన్న్యాసమునకు పునాది వైచిరి. అట్టి భావము ఎడారి యెరుగని కృష్ణా డెల్టాకు వచ్చినపుడేమయ్యెను? 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలతోను వరిచేలతోను నిండిన యీ నేలపై వసించు విశ్వాసి, మరుభూమియనగా దేనిని గ్రహించెను? దీనిని విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట పదమును పరిశీలింతము. విశాఖపట్టణమున డెస్ గ్రాంజెస్ ఆనందరాయరు సహాయముతో తెనిగించిన మూడు సువార్తలు 1812లో సేరంపూరున అచ్చయ్యెను. నాటినుండి పలుమార్లు సంస్కరింపబడుచు వచ్చిన తెలుగు బైబిలునందు, మన సంఘములలో చిరకాలముగా చదువబడుచున్న పాఠమున, హీబ్రూ 'మిద్బార్' పదమునకును గ్రీకు 'ఎరేమోస్' పదమునకును సాధారణముగా కానవచ్చునది 'అరణ్యము'. ఎడారి యను మాట లేకపోలేదు. యెషయా గ్రంథమునందువలె అది అరణ్యమునకు జంటగా వచ్చు తావులు కలవు. కాని ప్రాధాన్యము అరణ్యమునదే.

అరణ్యమన్నంతనే నేటి చదువరికి దట్టమైన వృక్షములు తోచును. కావున నిది అనువాదకుల పొరపాటని కొందరనవచ్చును. నాకట్లు తోచదు. మిద్బార్ అనగా ఇసుకతిన్నెలు మాత్రమే కావు. సాగును ఊరును లేక, కాపరులు మందలను తోలుకొనిపోవు బీడు కూడ అదియే. సంస్కృతమునందును అరణ్యము గ్రామమునకు ప్రతిపదము. వైదిక వాఙ్మయమునందలి గ్రామ్యపశువులు, ఆరణ్యపశువులు అను విభాగము ఈ యర్థమునే తెలుపుచున్నది. జనావాసము కాని చోటను మూలార్థమున రెండు పదములును కలియుచున్నవి.

అయితే పదము ఒంటరిగా రాదు. తన పరివారముతో వచ్చును. రామాయణమున అరణ్యకాండము, వేదములందు ఆరణ్యకములు, నన్నయ విడిచిన శేషమును ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వము, ఇవన్నియు తెలుగు శ్రోత చెవియందున్నవి. వనవాసము, పరీక్ష, తపస్సు అను మూడు భావములు అతనికి అప్రయత్నముగా స్ఫురించును. కథోలికులు ఈస్టరు పండుగకు ముందటి ఉపవాసదినములను తపస్సుకాలమనియు, అందలి మొదటి దినమును విభూది బుధవారమనియు వ్యవహరించుట ఈ సంస్కారమునకు నిదర్శనము. ఈ కాలము ఫిబ్రవరి, ఏప్రిలు నెలల నడుమ వచ్చును. కోతలైన పిదప రెండవ పంట లేని చేలు నెఱ్ఱెలు విడుచు దినములవి. కాలువలు కట్టివేయు వేసవి ఆ వెనుకనే యుండును. ఏటేటా డెల్టాయే కొంతకాలము మరుభూమి రూపము దాల్చుచున్నదనుట అతిశయోక్తి కాదు.

పదము మరియొక విధమునను తిరుగబడినది. మన నుడికారమున అరణ్యరోదనము వ్యర్థమైన మొర. యోహాను కేకయో, అరణ్యమున పుట్టియు జనులను యొర్దాను తీరమునకు రప్పించినది. వినువారు లేని చోటను మాట వృథా కాదను నూతనార్థమును పాత పదమే మోయవలసివచ్చెను.

ఇంతవరకు లాభమే. కాని తపస్సు మానవుని పూనిక. బైబిలు మరుభూమియందలి ముఖ్యాంశము పూనిక కాదు, నిస్సహాయత. మన్నా ఏ నాటిది ఆ నాటికే, దాచిన పురుగుపట్టును. ఈ పరాధీనతాభావమును అరణ్యపదము ఈయలేదు. దానిని చరిత్ర యిచ్చినది.

ఆనకట్టకు పూర్వము, 1832-33లో, గుంటూరు మండలమున వచ్చిన కరువు జనపదములను పాడుచేసెను. 1876-78 నాటి మహాక్షామమున డెల్టాకు దక్షిణముననున్న ఒంగోలు సీమ తపించెను. అప్పుడు బక్కింగుహాము కాలువ త్రవ్వకము కరువుపనిగా సాగెను. పెదగంజాము వద్ద కొమ్మమూరు కాలువతో కలియు జలమార్గమదియే. ఒంగోలునందలి అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ సుమారు మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. పనివారిలో పెక్కురు మాదిగలు. బాప్తిస్మము కోరువారు అనేకులుండినను, క్షామసహాయము జరుగునంతకాలము ఆయన ఎవ్వరికిని ఈయలేదు. కూటికై మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని ఆయన తలంపు. సహాయము ముగిసిన పిదప 1878 జూలై 3వ తేదీ నొక్కదినమున గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

కరువునకును ఈ మతాంతరమునకును గల సంబంధమును గూర్చి చరిత్రకారులలో వాదములు కలవు. అన్నము పెట్టిన చేతిపై కృతజ్ఞత యుండుట సహజమే. కాని రాళ్ళను రొట్టెలుగా మార్చుమను మొదటి శోధన ఇచట పుస్తకమున నుండక కాలువగట్టున నిలిచినదని మాత్రము చెప్పవచ్చును. రొట్టె అవసరమే, రొట్టెతో విశ్వాసమును కొనరాదు. తరతరములుగా వెట్టిని, అస్పృశ్యతను భరించిన వారికి దాస్యము విడిచి బయలువెడలుట ఉపమానము కాదు, ఊరి బ్రతుకు. వాగ్దత్తదేశము వెంటనే రాలేదనుటయు వారి యనుభవమే. నడుమనున్న దీర్ఘమైన నడకయే వారి అరణ్యము.

కావున తెలుగు క్రైస్తవమున మరుభూమికి రెండు మూలములు కలవు. పదము తపస్సును, పరీక్షను ఇచ్చినది. క్షామము దైవాధీనతను నేర్పినది. ఇటీవలి సులభశైలి అనువాదములందు అరణ్యమునకు మారుగా ఎడారి పదము ప్రవేశించుచున్నది. భూగోళదృష్టితో అది సుబోధకమే. కాని యిసుకను గెలిచి, అరణ్యకాండముతోను తపస్సుతోను గల చుట్టరికమును పోగొట్టుకొనుట లాభమా యని అనువాదకులు ఆలోచింపవలెను. రెండు పదములను రెండుగనే నిలుపుట మేలని నా యభిప్రాయము.