వారంవారం కొనుగోలు - పాఠకుని నిర్ణయం: అమెరికా కామిక్ పుస్తకాల విక్రయ చరిత్ర (1973-1997)

ఉపోద్ఘాతం

ఒక రచన ఎన్ని ప్రతులు అమ్ముడైందన్న లెక్కనుబట్టి పాఠకుల అభిరుచిని నిర్ణయించడం సాహిత్యచరిత్రలో పరిపాటి. ఈ పద్ధతి అన్ని సందర్భాలకూ వర్తించదని అమెరికా కామిక్ పుస్తకాల చరిత్ర నిరూపిస్తుంది. అక్కడి పాఠకుడు ప్రతివారం వెలువడే కొత్త సంచికలలో వేటిని కొనాలో ఎంచుకుంటాడు. 1973 తరువాత ఈ ఎంపిక పుస్తకాన్ని చూశాక చేసేదిగా కాక, క్రమంగా అది అచ్చు కాకముందే చేసేదిగా మారింది. ఆ మార్పునకు కారణాలను, ఫలితాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పత్రికల అంగళ్ల దశ

1938లో సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 'యాక్షన్ కామిక్స్' సంచిక వెల 10 సెంట్లు. ఇటువంటి పుస్తకాలు పత్రికల అంగళ్లలోను, మందుల దుకాణాలలోను దొరికేవి. అమ్ముడుపోని ప్రతులకు ముఖపత్రాన్ని చింపి పంపితే ప్రచురణకర్త సొమ్ము వాపసు ఇచ్చేవాడు. కాబట్టి దుకాణదారునికి నష్టభయం లేదు. ఏ శీర్షిక వచ్చింది, ఏది రాలేదన్న పట్టింపు కూడా తక్కువే. పాఠకుడు పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని, పుటలు తిప్పి, నచ్చితే కొనేవాడు. అయితే తరువాతి సంచిక అదే అంగడికి వస్తుందన్న భరోసా అతనికి ఉండేది కాదు.

1973 ఒప్పందం

ఈ వ్యవస్థను మార్చినవాడు ఫిల్ స్యూలింగ్. బ్రూక్లిన్‌లో ఆంగ్లోపాధ్యాయుడైన ఆయన 1968 నుంచి న్యూయార్క్‌లో కామిక్ అభిమానుల సమ్మేళనాలు నిర్వహించాడు. ఆయన 1973లో ప్రచురణకర్తలతో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం కామిక్ దుకాణాలకు అధిక రాయితీ లభిస్తుంది. కాని మిగిలిన ప్రతులను వాపసు తీసుకోరు. దీనితో నష్టభారం ప్రచురణకర్తనుంచి దుకాణదారునిపైకి మళ్లింది.

ఈ విధానం చిన్న ప్రచురణలకు ఊపిరి పోసింది. 1977లో కెనడాలో డేవ్ సిమ్ స్వయంగా ప్రచురించిన 'సెరెబస్', 1978లో మొదలైన 'ఎల్ఫ్‌క్వెస్ట్' ఇందుకు నిదర్శనాలు. 1981లో మార్వెల్ సంస్థ 'డాజ్లర్' మొదటి సంచికను కేవలం ఈ దుకాణాలకే విడుదల చేయగా 4 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

ముందస్తు జాబితా

మిగిలిన ప్రతి కాపీ నష్టమే అయినప్పుడు దుకాణదారుడు పాఠకుని మనసు ముందుగా తెలుసుకోక తప్పదు. 'పుల్ లిస్ట్' అనే ఏర్పాటు ఈ అవసరానికి సమాధానం. పాఠకుడు తనకు కావలసిన శీర్షికల జాబితా ఇస్తే, దుకాణదారుడు ప్రతివారం వాటిని విడిగా తీసి ఉంచుతాడు. 1988 నుంచి డైమండ్ పంపిణీ సంస్థ వెలువరించిన 'ప్రీవ్యూస్' సూచీ రాబోయే నెలల పుస్తకాలను ముందే ప్రకటించింది. చూసి కొనే పాఠకుడు, చూడకుండానే మాట ఇచ్చే పాఠకుడయ్యాడు.

ఇక్కడ తెలుగు వారపత్రికలతో ఒక భేదం గమనించదగినది. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక సచిత్ర వారపత్రికలను కొన్నవారికి ఒకే వెలకు కథలు, ధారావాహికలు, శీర్షికలు కలిసి లభించేవి. ఒక ధారావాహిక నచ్చకపోయినా తక్కినవాటి బలంతో పత్రిక నడిచేది. అమెరికా కామిక్‌లో సాధారణంగా ఒక్కో కథాక్రమానికి ఒక్కో పుస్తకం, ఒక్కో వెల. అందువల్ల కొనకపోవడం నేరుగా ఆ కథకే తగిలే తీర్పు. కొత్త రచయిత పుస్తకాన్ని దుకాణదారుడు ఒకటి రెండు ప్రతులే తెప్పిస్తే, చూసి కొందామనుకున్న పాఠకునికి అది కంటబడదు. తగినన్ని ఆర్డర్లు లేక ఆ కథాక్రమం అర్ధాంతరంగా ఆగిపోతుంది. పాఠకుడు తిరస్కరించకుండానే తిరస్కృతమైన రచనలు ఇవి.

అంచనాల పతనం

దీనికి విపర్యయం కూడా సంభవించింది. 1991లో 'ఎక్స్-మెన్' మొదటి సంచిక వేర్వేరు ముఖపత్రాలతో వెలువడి 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. ఆ ప్రతులను కొన్నది దుకాణాలే గాని, అంతమంది పాఠకులు కారు. ధర పెరుగుతుందన్న ఆశతో ఒకే సంచికను పలు ప్రతులు కొన్నవారూ ఉన్నారు. ఆ ఆశ వమ్ము కాగానే అమ్ముడుపోని కట్టలు దుకాణాలలోనే మిగిలాయి. అనేక దుకాణాలు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా రక్షణ కోరింది. 1997 నాటికి ప్రధాన ప్రచురణకర్తల పంపిణీ అంతా డైమండ్ చేతికి వచ్చింది.

ముగింపు

1973 తరువాతి కామిక్ విక్రయాల లెక్కలు ప్రధానంగా దుకాణదారుల అంచనాలకు సాక్ష్యాలు. పఠనానికి అవి పరోక్ష సాక్ష్యాలు మాత్రమే. ఆగిపోయిన కథాక్రమాలను పాఠకాదరణ లేనివిగా, లక్షలు దాటినవాటిని జనాదరణ పొందినవిగా నేరుగా నిర్ణయించడం సరికాదు. నష్టభారం ఎవరిది, ఎంపిక ఏ దశలో జరిగింది అన్న ప్రశ్నలకు సమాధానం తెలిసిన తరువాతనే ప్రతుల సంఖ్యకు అర్థం చెప్పడం సాధ్యమవుతుంది.